పెప్లోస్ కట్టుకోవడం ఎలా, దాని మడతల పేర్లు ఇవాళ ఎక్కడెక్కడ ఉన్నాయి

బొటీక్‌కి వెళ్తే పెప్లమ్ టాప్ చూపిస్తారు కదా, నడుము వరకు ఒంటికి పట్టి ఉండి అక్కడి నుంచి పొట్టి ఫ్లేర్‌తో విచ్చుకునేది, శరారా మీదికీ లెహంగా మీదికీ, ఈమధ్య చీర మీదికి కూడా కుట్టించుకుంటున్నారు. ఆ పేరు పాతకాలపు గ్రీకు ఆడవాళ్ళు కట్టుకున్న పెప్లోస్ నుంచి లాటిన్ మీదుగా వచ్చింది. ఇక్కడిదాకా ఎక్కడ వెతికినా దొరుకుతుంది. కానీ ఆ బట్టని ఒక్కసారి కట్టి చూస్తే తెలిసేది వేరు. అందులో ఒక్క కుట్టు కూడా అక్కర్లేదు, ఉన్నదంతా ఒక నలుచదరపు గుడ్డ, రెండు పిన్నులు, ఒక నడికట్టు, కొన్ని మడతలు. ఆ పిన్నుకి ఒక పేరు, నడికట్టుకి ఒక పేరు, మడతకి ఒక పేరు. ఆ పేర్లు తర్వాత ఒక్కొక్కటీ ఒక్కో దారి పట్టి మన ఆస్పత్రుల్లోకి, మ్యాపుల్లోకి, ఉద్యోగాల నోటిఫికేషన్లలోకి వచ్చేశాయి. కాబట్టి కడుతూనే చెప్పుకుందాం. స్కూల్ నాటకానికో కాలేజ్ ఫెస్ట్‌కో గ్రీకు వేషం కావాల్సినవాళ్ళకి ఇది నేరుగా పనికొస్తుంది, మిగతావాళ్ళు ఇంట్లో దుప్పటితో ప్రయత్నించొచ్చు.

ముందు బట్ట సంగతి. అసలు పెప్లోస్ ఉన్నితో నేసేవాళ్ళు, నిలువు మగ్గం మీద, పడుగు దారాలకి కింద మట్టి గుళ్ళు వేలాడదీసి. ఆ ఉన్ని బరువు వల్లే శిల్పాల్లో మనం చూసే నిలువు మడతలు వస్తాయి. అందుకని షిఫాన్, ఆర్గంజా, నెట్ లాంటివి వద్దు. తేలిగ్గా ఎగిరే బట్ట ఏది కట్టినా నైట్ డ్రెస్‌లా కనిపిస్తుంది తప్ప మడత నిలవదు. కాస్త బరువుండి మెత్తగా జారే బట్ట కావాలి: క్రేప్, మందపాటి రేయాన్, నేత మెత్తగా ఉన్న ఖాదీ. కొత్త బట్టని ఒకసారి ఉతికి దాని బిరుసంతా పోగొట్టండి, గంజి మాత్రం పెట్టకండి. గంజి పెడితే ఇంత కష్టపడి తెచ్చిన బట్ట అట్టలా నిలబడుతుంది.

రంగు విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. తెల్లది కొనకండి. పాలరాతి విగ్రహాలు ఇవాళ తెల్లగా ఉన్నాయి కాబట్టి గ్రీకులు తెల్లబట్టలే కట్టుకునేవాళ్ళని అందరూ అనుకుంటారు, కానీ ఆ విగ్రహాల మీద అప్పట్లో రంగులుండేవి. ఏథెన్స్ ఆక్రోపోలిస్ గుట్ట మీద 1886లో దొరికిన ఒక అమ్మాయి విగ్రహానికి, క్రీ.పూ. 530 ప్రాంతంలో చెక్కినదానికి, పెప్లోస్ కోరే అని పేరే పడిపోయింది. ఆమె జుట్టు మీద, బట్ట మీద పాత రంగు ఆనవాళ్ళు ఇంకా మిగిలే ఉన్నాయి. ఆ రంగుల్ని పరిశీలించిన జర్మన్ పరిశోధకుడు విన్సెంజ్ బ్రింక్‌మన్ బట్ట ముందుభాగంలో జంతువుల బొమ్మల వరసలున్నాయనీ, అది మామూలు పెప్లోస్ కాదనీ, ఆమె బహుశా దేవత అయ్యుంటుందనీ వాదించాడు. అంటే పెప్లోస్ అని పేరున్న విగ్రహమే పెప్లోస్ కట్టుకోలేదేమో! రంగుల సంగతి మాత్రం ఖాయం. ఎథీనా దేవికి సమర్పించే పెప్లోస్‌లో కుంకుమపువ్వు పసుపు ఉండేది. కాబట్టి పసుపో, ముదురు ఎరుపో, నీలమో తీసుకుని వేరే రంగు అంచు వేయించుకోండి, అసలుకి దగ్గరగా ఉంటుంది.

ఎంత బట్ట కావాలి? 5 అడుగుల 3 అంగుళాల మనిషికి లెక్క చెప్తాను, మీ ఎత్తుకి మార్చుకోండి. భుజం నుంచి నేల దాకా సుమారు 52 అంగుళాలు. పైన బయటికి మడిచి వదలడానికి 18. నడుము దగ్గర పైకి లాగి వదులు చేయడానికి ఇంకో 8. మొత్తం 78 అంగుళాలు, అంటే దాదాపు 2 మీటర్లు. చుట్టు కొలతకి రెండు చేతులూ పక్కలకి చాపి ఒక మోచేతి నుంచి ఇంకో మోచేతి దాకా కొలిచి, దాన్ని రెట్టింపు చేసి, కొంచెం కలుపుకోండి. 44 పన్నా బట్ట 4 మీటర్లు కొని, రెండు రెండు మీటర్ల ముక్కలు చేసి, నిలువునా ఒక పక్క కలిపి కుట్టేస్తే 87 అంగుళాల చుట్టు వస్తుంది, సరిగ్గా సరిపోతుంది. నేతగాళ్ళకి ఈ కుట్టు అక్కర్లేదు, మగ్గం మీదే అంత వెడల్పు నేసేవాళ్ళు. మన పన్నాకి అది తప్పదు.

చీరతో అవుతుందా అని చాలామంది అడుగుతారు. కాదు. చీర పన్నా నడుము నుంచి పాదం దాకా చాలేలా ఉంటుంది, పెప్లోస్‌కి భుజం నుంచి పాదం దాకా చాలి, ఇంకా మడతకి మిగలాలి. కొయ్యకుండా కుదరదు, చీర కొయ్యడం నాకు ఇష్టం లేదు. దానికన్నా డబుల్ కాట్ దుప్పటి నయం, 90కి 100 అంగుళాలది. 90 వైపు నిలువుగా, 100 వైపు ఒంటి చుట్టూ వచ్చేలా పెట్టుకోండి. అప్పుడు పై మడత ఎక్కువ మిగులుతుంది, దాన్ని ఏం చేయాలో కింద చెప్తాను.

ఇక కట్టడం. ఒక్కళ్ళే కట్టుకోవడం కష్టం, ఇంకొకరి సాయం తీసుకోండి. లోపల స్లీవ్‌లెస్ టాప్, లెగ్గింగ్ వేసుకోండి, ఎందుకంటే ఒక పక్క తెరిచే ఉంటుంది. స్పార్టా అమ్మాయిలు ఆ పక్కని అలాగే వదిలేసి నడిచేవాళ్ళు, దానికి ఇబికస్ అనే కవి వాళ్ళని తొడలు కనిపించేవాళ్ళు అని పిలిచాడు. మీకు వద్దనుకుంటే రెండో పక్క కూడా కుట్టేయండి, అలా కుట్టిన రకం కూడా ఉండేది.

బట్ట పై అంచుని 18 అంగుళాలు బయటివైపుకి మడవండి, లోపలికి కాదు. ఈ మడతని అపోప్టిగ్మా అంటారు. మడిచిన గీతే ఇప్పుడు మీ భుజం గీత. కుట్టిన పక్క ఎడమ చేతివైపు, తెరిచిన పక్క కుడివైపు ఉండేలా బట్ట మధ్యలో నిలబడండి. సాయం చేసేవాళ్ళు వెనక బట్టని భుజం మీదుగా కొద్దిగా ముందుకి లాగి, ముందు బట్టతో కలిపి పిన్ను పెట్టాలి. రెండు పిన్నుల మధ్య 10, 11 అంగుళాల దూరం. మధ్యలో బట్టని బిగించకుండా ఒక రెండు అంగుళాలు వదులు ఇస్తే మెడ కింద చక్కటి ఒంపు వస్తుంది, బిగిస్తే గోనెసంచిలా ఉంటుంది. ఎడమ చెయ్యి పిన్నుకీ పక్క మడతకీ మధ్య ఖాళీలోంచి బయటికొస్తుంది. కుడివైపు ఎలాగూ తెరిచే ఉంది. రెండు పక్కలా మిగిలిన బట్ట చంక కింద మెట్లు మెట్లుగా జారాలి, అక్కడ చేత్తో సర్దకండి, దానంతట అది పడనివ్వండి.

పిన్ను దగ్గర కొంచెం ఆగుదాం. మనం పిన్నీసు పెడతాం, వాళ్ళు పొడవాటి లోహపు పిన్నో, స్ప్రింగుండే బ్రోచో వాడేవాళ్ళు. 1849లో న్యూయార్క్‌లో వాల్టర్ హంట్ పేటెంట్ తీసుకున్న పిన్నీసు పనిచేసేది కూడా ఆ బ్రోచ్ పద్ధతిలోనే. గ్రీకు కవి హోమర్ కావ్యం ఒడిస్సీలో పెనెలోపీ రాణిని పెళ్ళాడతానని వచ్చిన ఆంటినోస్ ఆమెకి ఇచ్చిన కానుక ఒక పెప్లోస్, దానికి 12 బంగారు పిన్నులు. కానీ ఈ పిన్ను ఆయుధం కూడా. సోఫోక్లిస్ నాటకంలో ఈడిపస్ తన కళ్ళు పొడుచుకున్నది చనిపోయిన యొకాస్టా (అతని తల్లీ, తెలియక పెళ్ళాడిన భార్యా ఆమే) బట్టలోంచి లాగిన పిన్నులతోనే. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ చెప్పిన కథ ఇంకా భయంకరం. ఈజినా ద్వీపం మీదికి వెళ్ళిన ఏథెన్స్ దండులో ఒక్కడే ప్రాణాలతో తిరిగొస్తే, చనిపోయినవాళ్ళ భార్యలు అతన్ని చుట్టుముట్టి, నా మొగుడేడీ అని ఒక్కొక్కరూ అడుగుతూ బట్టల పిన్నులతో పొడిచి చంపేశారట. దానికి శిక్షగా ఏథెన్స్ వాళ్ళు ఆడవాళ్ళ కట్టుబట్టనే మార్చేశారు, పిన్నులు అక్కర్లేని, చీటోన్ అనే నార అంగీ కట్టుకోమన్నారు. అటు ఆర్గోస్, ఈజినా ఆడవాళ్ళు మాత్రం పంతానికి తమ పిన్నుల్ని ఒకటిన్నర రెట్లు పొడవు చేయించుకున్నారట. బట్టలు మారడానికి నిజంగా ఇదే కారణమని నేను నమ్మను, కానీ ఆ పిన్ను ఎంత పొడవుండేదో, దాన్ని చూస్తే మగవాళ్ళకి ఎంత బెదురో ఈ కథలో కనిపిస్తుంది. గ్రీకులో దాని పేరు పెరోనే, లాటిన్‌లో ఫిబులా. మీ పిక్క బయటివైపు సన్నగా పొడవుగా ఉండే ఎముక పేరు ఫిబులానే, దాని పక్కనుంచి పోయే నరాన్ని ఆర్థో డాక్టర్లు పెరోనియల్ నర్వ్ అంటారు. ఒక ఎముకకీ దాని పక్కన నరానికీ ఒకే పిన్ను పేర్లు, రెండు భాషల్లో.

పిన్నులయ్యాక నడికట్టు. సన్నటి తాడో, బట్ట పట్టీయో చాలు, వెడల్పు బెల్టు వద్దు. పై మడతని ఎత్తి పట్టుకుని దాని కింద నడుముకి బిగించి కట్టండి. దీని పేరు జోనే. భూమిని ఉష్ణమండలం, సమశీతోష్ణ మండలం అని పట్టీలుగా విడదీసినప్పుడు గ్రీకులు ఈ మాటే వాడారు, అక్కడి నుంచి వచ్చిందే జోన్. రైల్వే జోన్, తెలంగాణ గ్రూప్స్ నోటిఫికేషన్లో మల్టీ జోన్, అన్నీ ఈ నడికట్టే.

ఇప్పుడు అసలు పని, తొందరపడకండి. నడికట్టు కట్టగానే బట్ట నేల మీద 8 అంగుళాలు పడి ఉంటుంది, దాన్ని తొక్కుకుంటూ నడవలేరు. నడికట్టు పైనున్న బట్టని రెండు చేతులతో కొంచెం కొంచెంగా పైకి లాగుతూ, టక్ చేసిన చొక్కాని వదులు చేసినట్టు, నడికట్టు మీద నుంచి కిందికి పొంగేలా వదలండి. ముందు మధ్యలో, తర్వాత వెనక, చివర్లో పక్కలు. ఒకేచోట గుత్తిగా లాగితే పొట్టలా కనిపిస్తుంది, చుట్టూ సమానంగా పంచాలి. బట్ట కింది అంచు పాదం మీద తేలే దాకా లాగి ఆపండి. ఇప్పుడు పై మడత వదిలేస్తే అది నడుము దాకా పడుతుంది, దాని కింద నాలుగు అంగుళాల మేర ఈ పొంగు కనబడుతుంది. పెప్లోస్ అందమంతా ఈ రెండు అంచులు ఒకదాని కింద ఒకటి కనబడటంలోనే ఉంది.

ఆ పొంగు పేరు కోల్పోస్. పేరు ఎక్కడెక్కడికి వెళ్ళిందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. గ్రీకులో కోల్పోస్ అంటే బట్ట పొంగు ఒక్కటే కాదు, రొమ్ము, ఒడి, అలాగే నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రం కూడా. ఈ చివరి అర్థం ఇటాలియన్‌లో గోల్ఫో అయింది, ఇంగ్లిష్‌లో గల్ఫ్ అయింది. జగిత్యాలలోనో నిజామాబాద్‌లోనో మా ఆయన గల్ఫ్‌లో ఉన్నాడని ఒకావిడ అంటే ఆ మాట వెనక ఈ నడుము మడత ఉంది. ఇంకో దారిలో గ్రీకు వైద్యులు అదే మాటని యోనికి వాడారు, అందుకే గర్భాశయ ముఖద్వారాన్ని దగ్గరగా చూసే పరీక్షని కాల్పోస్కోపీ అంటారు. డాక్టర్ ఆ పేరు చెప్పగానే టెన్షన్ పడకండి, ఒళ్ళు కోసే ఆపరేషన్ కాదు, భూతద్దం లాంటి పరికరంతో చూడటమే.

దుప్పటి తీసుకున్నవాళ్ళ సంగతి. మీకు పై మడత 38 అంగుళాలు వస్తుంది, తొడల దాకా. నడికట్టుని మడత కింద కాకుండా మడత మీదుగా కట్టండి, కొంచెం పైకి లాగి వదలండి, తుంటి దగ్గర ఆగుతుంది. ఇది ఎథీనా దేవి పద్ధతి. ఆక్రోపోలిస్ మ్యూజియంలో క్రీ.పూ. 460 నాటి చిన్న రాతిపలక ఒకటుంది, ఎథీనా ఈటె మీద తల వాల్చి నిలబడి ఉంటుంది, విషాదంలో ఉన్న ఎథీనా అంటారు, నడికట్టు మడత మీదే ఉంటుంది చూడండి. మడత కింద కట్టే పద్ధతికి ఎరెక్థియోన్ గుడి కప్పుని తల మీద మోసే ఆరుగురు అమ్మాయిల విగ్రహాలు చూడాలి, అయిదు ఆక్రోపోలిస్ మ్యూజియంలో, ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. వాళ్ళ కాళ్ళు చూడండి. బరువు మోపిన కాలి మీద బట్ట స్తంభం మీది గాడుల్లా నిలువుగా పడుతుంది, వంచిన మోకాలు దగ్గర మాత్రం మడతలన్నీ చెరిగి కాలు కనిపిస్తుంది. మీరూ ఫోటో దిగేటప్పుడు రెండు కాళ్ళ మీద సమానంగా నిలబడకండి, ఒక మోకాలు కొంచెం వంచండి, అప్పటిదాకా దుప్పటిలా ఉన్న బట్ట ఒక్కసారిగా శిల్పంలో బట్టలా మారిపోతుంది.

కట్టడం అయిపోయింది కాబట్టి ఇప్పుడు పెప్లోస్ అన్న మాట సంగతి. హోమర్‌లో అది ఆడవాళ్ళ బట్టకే కట్టుబడి లేదు. ఇలియడ్‌లో రథాల మీద కప్పిన గుడ్డలూ పెప్లోసులే, ట్రాయ్ వీరుడు హెక్టర్ అస్థికలున్న బంగారు పెట్టె చుట్టూ కప్పిన ఊదా రంగు బట్టలూ పెప్లోసులే. సోఫోక్లిస్ దగ్గర భార్య పంపిన విషం పూసిన పెప్లోస్ తొడుక్కుని కాలిపోయేది హెరాక్లిస్, అంటే మగవాడు. భుజాల దగ్గర పిన్ను పెట్టే ఉన్ని బట్ట అని గీత గీసి వాడటం ఎక్కువగా తర్వాతి పండితులు చేసింది. కవులకి అది నేసిన బట్ట, కప్పే బట్ట. ఈ కప్పడం అనే అర్థం గుర్తుంటే తర్వాతి అర్థాలన్నీ వరసగా కలుస్తాయి. ఇవాళ్టి గ్రీకులో పెప్లో అంటే పెళ్ళికూతురి మేలిముసుగు. వైరాలజీలో కొన్ని వైరస్‌ల పై పొరని పెప్లోస్ అన్నారు, దాని మీద పొడుచుకొచ్చే ముళ్ళని పెప్లోమర్లు అన్నారు, కరోనా రోజుల్లో మనమంతా స్పైక్ ప్రోటీన్ అని విన్నది దాన్నే.

అయితే కప్పే బట్టల్లో అన్నిటికన్నా గౌరవం ఒకదానిదే. ఏథెన్స్‌లో పానాథినాయా పండక్కి ఎథీనా దేవి ఆలివ్ కర్ర విగ్రహానికి కొత్త పెప్లోస్ సమర్పించేవాళ్ళు. తొమ్మిది నెలల ముందే, ఖాల్కేయా పండగ రోజున మగ్గం ఎక్కించేవాళ్ళు, ఆ పనికి ఏడు నుంచి పదకొండేళ్ళ లోపు ఆడపిల్లలు కూడా ఉండేవాళ్ళు. రాక్షసుల మీద దేవతల యుద్ధం అందులో నేతలోనే బొమ్మలుగా వచ్చేది. నాలుగేళ్ళకోసారి వచ్చే పెద్ద పండక్కి, తర్వాతి కాలంలో, దాన్ని చక్రాల మీది ఓడకి తెరచాపలా కట్టి ఊరేగించేవాళ్ళు. ఎథీనా గుడి పార్థెనోన్ తూర్పు వైపు చెక్కడంలో ఒక పెద్దమనిషీ ఒక పిల్లా కలిసి పట్టుకున్న మడత బట్ట ఇదేనని ఎక్కువమంది పండితుల మాట. ట్రాయ్ రాణి హెకూబా కూడా తన పెట్టె అడుగున దాచిన, నక్షత్రంలా మెరిసే పెప్లోస్‌ని తీసి ఎథీనాకి ఇస్తుంది, ఆమె ఒప్పుకోదు. ఇలియడ్‌లో నాకు బాగా నచ్చే చోటు ఇంకోటి, ఎథీనా యుద్ధానికి బయల్దేరుతూ తన చేతులతో తానే చేసుకున్న పెప్లోస్‌ని తండ్రి ఇంటి నేల మీద జార్చేసి, తండ్రి చీటోన్ తొడుక్కుంటుంది. నడికట్టు విప్పి రెండు పిన్నులు తీస్తే చాలు, బట్ట మొత్తం పాదాల దగ్గర కుప్పగా పడుతుంది. కట్టుకున్న తర్వాత విప్పి చూడండి, ఆ వర్ణన ఎంత కచ్చితమో తెలుస్తుంది.

సినిమాల్లో కూడా ఈ మాట ఉంది. 1958లో స్టీవ్ రీవ్స్ హెర్క్యులిస్‌గా నటించిన ఇటాలియన్ సినిమా పెద్ద హిట్టయ్యాక వరసగా వచ్చిన పౌరాణిక యోధుల సినిమాలకి ఫ్రెంచ్ విమర్శకులు పెప్లమ్ అని పేరు పెట్టారు.

చివరిగా పెప్లమ్ టాప్ కుట్టించుకునేవాళ్ళకి. పై మడత కింద నుంచి నడుము చుట్టూ కనబడే ఆ పొంగు పొట్టి అంచు ఒక్కటే పట్టుకుని మిగతా పెప్లోస్ అంతా వదిలేస్తే వచ్చేది ఇది. 19వ శతాబ్దం నడుమ నుంచీ ఫ్యాషన్‌లో వస్తూ పోతూ ఉంది, 1947లో క్రిస్టియన్ డియోర్ బార్ జాకెట్‌తో తుంటి మీద నిలబడిన ఆ ఫ్లేర్ అందరికీ తెలిసింది. ఇక్కడ బట్ట సూత్రం పూర్తిగా తిరగబడుతుంది. జారే బట్ట వద్దు, రా సిల్కో బ్రొకేడో తీసుకుని లైనింగ్ వేయించండి, లేకపోతే ఫ్లేర్ వాలిపోతుంది. టైలర్‌కి ఫ్లేర్ ఎక్కువ కావాలనో తక్కువ కావాలనో చెప్పి ఊరుకోకండి, లెక్క చెప్పండి. నడుము 30 అంగుళాలైతే ఫుల్ సర్కిల్‌కి లోపలి వృత్తం వ్యాసార్ధం 4.8 అంగుళాలు, హాఫ్ సర్కిల్‌కి 9.5. తుంటి వెడల్పుగా ఉన్నవాళ్ళకి హాఫ్ సర్కిలే బాగుంటుంది. పొడవు 7 నుంచి 9 అంగుళాలు, తుంటిలో అన్నిటికన్నా వెడల్పైన చోట అంచు ఆగకూడదు, దానికి పైనో కిందో ఆగాలి. జాయింట్ నడుముకి అర అంగుళం పైన పెట్టమనండి. ట్రయల్‌కి వెళ్ళినప్పుడు కింద వేసుకునే శరారానో లెహంగానో తీసుకెళ్ళి, దాని నాడా మీద ఫ్లేర్ ఎత్తుకుంటోందో లేదో కూర్చుని లేచి చూసుకోండి.